తాళం తప్పలేదు, అయినా అడ్డం పడుతోంది

న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. చాలా వివరంగా రాశారు, ముఖ్యమైనంత వరకు ఇక్కడ చెబుతున్నాం.

ఆమె రాజమండ్రిలో తొమ్మిదేళ్లు మృదంగం నేర్చుకున్నారు. పెళ్లయి అమెరికా వచ్చాక ఉద్యోగం, పిల్లలు, ఇల్లు. మృదంగం అటకెక్కింది. నలభై దాటాక ఆఫీసు స్నేహితురాలి పుణ్యమా అని దగ్గర్లోని ఒక సల్సా (లాటిన్ నృత్య సంగీతం) బృందంలో కాంగా అనే పొడవాటి చేతి డ్రమ్ము వాయించడానికి చేరారు. మొత్తం పదిమంది. ఎక్కువమందివి ప్యూర్టోరికో మూలాలు, పియానో వాయించేది క్యూబా ఆయన. తింబాలెస్ అనే జంట డ్రమ్ములు వాయించే డెబ్బై దాటిన పెద్దాయన దగ్గర కూర్చుని చేతి దెబ్బలన్నీ నేర్చుకున్నారు. మొదటి నెలలు బాగానే నడిచాయి.

ఇప్పుడు చిక్కులు మొదలయ్యాయి. బృంద నాయకుడు పాట మధ్యలో ఆపి ‘క్రుసాదో’ అంటున్నాడట, అంటే క్లావేకు, పాటంతా ఆధారపడే ఐదు కర్ర దెబ్బల లయకు, అడ్డం పడుతున్నారని. ‘నా లెక్క ఒక్క అక్షరం కూడా తప్పడం లేదు, మెట్రోనోమ్ పెట్టుకుని మరీ చూసుకున్నాను’ అంటారామె. ఇది చాలదన్నట్టు, ఒకరోజు కాఫీ తాగుతూ ‘సల్సా అంటే నిజానికి క్యూబా సంగీతమే కదా, న్యూయార్క్ కంపెనీలు పేరు మార్చి అమ్ముకున్నాయి’ అని ఎక్కడో చదివింది అనేశారు. పియానో ఆయన చప్పట్లు కొట్టాడు. పెద్దాయన ఏమీ అనలేదు, ఆ రోజు నుంచి ఈమెతో మాట్లాడటం మానేశాడు. ‘ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు, అదేనా ఇది? క్షమాపణ ఎందుకు చెప్పాలి?’ అని అడుగుతున్నారు.

వీటికి తోడు స్థానిక తెలుగు సంఘం వాళ్లు ఉగాదికి ‘కర్ణాటక–లాటిన్ ఫ్యూజన్’ పదిహేను నిమిషాలు కావాలంటున్నారు. ‘మీ సల్సా వాళ్లను పట్టుకొచ్చేయండి, ఏదైనా హిట్ పాట మీద జతులు వేసేద్దాం’ అన్నారట. భర్తదేమో ‘వాళ్ల చేత మాట పడటం ఎందుకు, మానేసి మనవాళ్లు నలుగురితో చెయ్యి’ అనే మాట. కూతురికి పదమూడేళ్లు. తను వినేది ప్యూర్టోరికో పాప్ గాయకుడు బ్యాడ్ బనీని. ‘మీది ముసలివాళ్ల బ్యాండు’ అంటోందట. బృందంలో ఉండాలా, మానాలా? ఇదీ ప్రశ్న.

జవాబు:

ముందు చెయ్యి సంగతి చూద్దాం. అది తేలితే మిగతావాటి బరువు సగం తగ్గుతుంది.

మీ లెక్క తప్పడం లేదన్న మాట నిజమే అయుండాలి. తొమ్మిదేళ్ల మృదంగం చెయ్యి ఊరికే తాళం తప్పదు. అయితే క్లావేకు అడ్డం పడటమూ, తాళం తప్పడమూ ఒకటి కావు. మీకు తెలిసిన భాషలోనే పెట్టుకోండి. రెండు బార్లు కలిపి 16 అక్షరాల (చిన్న లెక్కల) ఆవృత్తం, అంటే ఒక చుట్టు. అందులో క్లావే దెబ్బలు ఐదు: 1, 4, 7, 11, 13 మీద. కొన్నకోలుగా, అంటే నోటితో జతుల్లా చెప్పుకుంటే తకిట, తకిట, తకధిమి, తక, తకధిమి. ప్రతి ముక్కలో మొదటి అక్షరం మీద కర్ర పడుతుంది. మొదటి ఎనిమిది అక్షరాల్లో మూడు దెబ్బలు, తర్వాతి ఎనిమిదిలో రెండు. దీన్నే 3–2 అంటారు. పాట రెండు దెబ్బల వైపు నుంచి ఎత్తుకుంటే 2–3. రుంబా క్లావే అయితే మూడో దెబ్బ ఒక్క అక్షరం ఆలస్యంగా పడుతుంది: తకిట, తకధిమి, తకిట, తక, తకధిమి. మీ బృందం వాయించేది సల్సా కాబట్టి దాదాపు అంతా మొదటి రకమే, సోన్ క్లావే.

ఇప్పుడు మీ కాంగా. మీకు నేర్పిన మార్చా, అంటే కాంగా మూల వాయింపు, ఎనిమిది అక్షరాలది: ఎడమ అరచేతి మడమ, ఎడమ వేళ్లు, కుడి స్లాప్, ఎడమ వేళ్లు, ఎడమ మడమ, ఎడమ వేళ్లు, ఆఖర్న కుడి చేత్తో రెండు ఓపెన్. ఏడు, ఎనిమిది మీదే డ్రమ్ము గొంతు విప్పుతుంది. ఇది ప్రతి బారులోనూ ఒకేలా ఉంటుంది. అందుకని ఒక్క డ్రమ్ము మీద ఇది మాత్రమే వాయించేవాళ్లను ఎవరూ క్రుసాదో అనరు. అడ్డం పడటానికి అందులో వైపంటూ లేదు. మిమ్మల్ని అంటున్నారంటే మీరు రెండో డ్రమ్ము మీదకు వెళ్లినప్పుడో, మీ సొంత అలంకారం వేసినప్పుడో, ఒక విభాగం నుంచి మరోదానికి మారేటప్పుడో జరుగుతోంది. ఈ మూడింటిలో ఏదో కనిపెట్టడం కష్టం కాదు. వచ్చే రిహార్సల్‌లో ఫోన్‌ను కాంగాకు, తింబాలెస్‌కు మధ్య స్టాండు మీద పెట్టి రికార్డు చేయండి. నాయకుడు ఆపిన ప్రతిచోటా వెనక్కి వెళ్లి, ఆపడానికి ముందు ఇరవై సెకన్లలో మీ చెయ్యి ఏం చేసిందో వినండి.

రెండో డ్రమ్ము, అంటే పెద్దదైన తుంబా మీద పడే లోతైన దెబ్బలు మామూలుగా మూడు దెబ్బల వైపున ఉండాలి. ఆ వైపు రెండో దెబ్బకు, అంటే నాలుగో అక్షరానికి, బోంబో అని పేరు. బేస్ గిటారు కూడా ప్రతి బారులో 4, 7 అక్షరాల మీదే పడుతుంది, ఒకటిని ఖాళీగా వదిలేస్తుంది. మీ తుంబా దెబ్బలు రెండు దెబ్బల వైపుకి పోయాయంటే లెక్కలో ఏ తప్పూ దొరకదు గానీ, వినేవాడికి ఆవృత్తం తలకిందులైనట్టే.

అలంకారం సంగతి మృదంగం వాళ్లందరికీ ఎదురయ్యేదే. మనకు తీర్మానం (ముగింపు జతి) మూడుసార్లు వేసి సమం (ఆవృత్తం మొదటి అక్షరం) మీద దిగడం చిన్నప్పుడే ఒంటబట్టేస్తుంది. ఇక్కడ ఆ దిగడమే కొంప ముంచుతుంది. రెండు దెబ్బల వైపు మొదటి అక్షరం మీద క్లావే అసలు మోగదు, బేసూ మోగదు. అక్కడ మీరొక్కరే ఢామ్మని దిగితే, ఎవరూ లేని గదిలోకి తలుపు తోసుకుని వెళ్లినట్టు ఉంటుంది. మూడు దెబ్బల వైపు ఒకటి మీద దిగితే క్లావే తోడుంటుంది, కాకపోతే బేసూ పియానో అంతకు రెండు అక్షరాల ముందే కొత్త స్వరంలోకి మారిపోయి ఉంటాయి కాబట్టి మీరు ఆలస్యంగా వచ్చినట్టు వినిపిస్తుంది. ఈ సంగీతంలో బృందమంతా కలిసి వేసే బ్రేకులు చాలావరకు బారులో నాలుగో బీట్ మీద, అంటే ఏడో అక్షరం మీద ముగుస్తాయి. తీర్మానం వేయకుండా ఉండలేకపోతే మూడు దెబ్బల వైపు ఏడో అక్షరం మీద దించండి. కర్ణాటక పద్ధతిలో చెప్పాలంటే, సమం మీద కాని ఎడుపు (పాట ఎత్తుకునే చోటు) దగ్గర దిగడం లాంటిది. మీకు కొత్తేం కాదు.

నాకు మాత్రం అసలు తప్పు మూడోచోట ఉందనిపిస్తోంది. సల్సా పాటల్లో ఒక విభాగం ఏడు బార్లకో, తొమ్మిది బార్లకో ముగిసి తర్వాతి విభాగం మొదలవుతుంది. బేసి సంఖ్య వచ్చిందంటే కొత్త విభాగం క్లావేకు రెండో వైపు నుంచి ఎత్తుకున్నట్టే. క్లావే మారలేదు, ఆగలేదు, పాటే సగం ఆవృత్తం దగ్గర ఎత్తుకుంది. మీరు కొత్త విభాగం మొదలవగానే ‘ఇదే సమం’ అనుకుని కొత్తగా లెక్క మొదలుపెడుతున్నారేమో చూసుకోండి. కచేరీలో అలా ఎన్నడూ చేయరు. పల్లవి సమ ఎడుపు, చరణం అర ఆవృత్తం ఎడుపు అయితే ఆవృత్తాన్ని కదపకుండా ఎడుపునే మారుస్తారు కదా. ఇక్కడా అంతే. గాయకుడు ఎప్పుడు మొదలుపెడితే అప్పుడు సమం అనే అలవాటు కొత్తవాళ్లది, మీది కాదు. భాష తెలియని పాట కావడంతో మీరు గాయకుడి గొంతుకే వేలాడుతున్నట్టున్నారు.

ఏ వైపున ఉన్నారో తెలియనప్పుడు కోరో, అంటే బృందగానం, వినండి. పాట పదాలు బీట్ల మీద నిలబడి నడుస్తుంటే అది చాలావరకు రెండు దెబ్బల వైపు. బీట్లకు అటూ ఇటూ లాగుతుంటే మూడు దెబ్బల వైపు. అంతకన్నా నమ్మకమైన గుర్తు మరొకటుంది, తింబాలెస్ పక్కల మీద కర్రతో వాయించే కాస్కరా. క్లావే కర్రలు ఎవరూ మోగించకపోయినా ఆ కాస్కరాను బట్టి క్లావే ఏ వైపున ఉందో తెలుస్తుంది. అంటే మీకు దారి చూపే మనిషి, ప్రస్తుతం మీతో మాట్లాడని ఆ పెద్దాయనే. కాంగా, బోంగో, తింబాలెస్ ముగ్గురూ కలిస్తేనే ఒక వాద్యం. ఆయన వైపు చూడటానికి మొహమాటపడి మీరు తల దించుకుని వాయిస్తుంటే, చెవి కూడా ఆ వైపు నుంచి మూసుకుపోతుంది.

సాధనకు రోజుకు ఇరవై నిమిషాలు చాలు. మొదటి ఐదు నిమిషాలు ఎడమ చెయ్యి మాత్రమే, మడమ–వేళ్లు, మడమ–వేళ్లు. మృదంగంలో కుడి చెయ్యి రాజు, ఇక్కడ కాలం పట్టుకునేది ఎడమ చెయ్యి. తర్వాత పది నిమిషాలు మార్చా వాయిస్తూ నోటితో క్లావే చెప్పండి, నిమిషానికి 100 బీట్ల దగ్గర మొదలుపెట్టి. పాటలు చాలావరకు 160కి పైనే ఉంటాయి, తొందరపడి అక్కడికి వెళ్లకండి. 3–2 కుదిరాక ఆపకుండా, చెయ్యి మార్చకుండా, నోటితో 2–3కి మారండి: మొదటి తక మౌనం, తర్వాత తక, తకధిమి, తకిట, తకిట, తక. చివరి ఐదు నిమిషాలు రికార్డు చేసిన రిహార్సల్‌తో. మెట్రోనోమ్‌ను ప్రతి బీట్‌కూ మోగనివ్వకండి. అది మీ లెక్క తప్పలేదని మాత్రమే చెబుతుంది, ఏ వైపున ఉన్నారో చెప్పదు. మీరు మోసపోయింది అక్కడే.

వేళ్లు వాస్తున్నాయని ఉత్తరం చివర ఒక్క ముక్క రాసి వదిలేశారు. అది వదిలేయాల్సిన విషయం కాదు. ‘నం’ వాయించేటప్పుడు ఉంగరపు వేలిని చర్మం మీద ఆనించి చూపుడు వేలితో అంచు కొడతారు. అదే అలవాటుతో కాంగా ఓపెన్ వాయిస్తే ఉంగరపు వేలు నాదాన్ని నొక్కేస్తుంది, శబ్దం చాలడం లేదని ఇంకా గట్టిగా కొడతారు, వాపు వస్తుంది. ఓపెన్‌కి నాలుగు వేళ్లూ దగ్గరగా, వేళ్ల మొదళ్లు అంచు మీద పడేలా, పడగానే పైకి లేచేలా ఉండాలి. బరువు వేళ్ల కొసల నుంచి కాదు, ముంజేతి నుంచి రావాలి. ఉంగరాలు తీసేయండి. కూర్చుని వాయిస్తుంటే డ్రమ్మును కాస్త ముందుకు వంచి అడుగున గాలి ఆడేలా పెట్టుకుంటే లోతు దెబ్బకు నిండుదనం వస్తుంది, బలం పెట్టనక్కర్లేదు. శ్రుతి కూడా చూసుకోండి. కాంగా షడ్జం అనుకుంటే తుంబా మంద్ర పంచమం. బోల్టులు ఒక్కొక్కటి పావు తిప్పు చొప్పున వరుసగా తిప్పుకుంటూ రావాలి. ఒకే బోల్టును బిగించుకుంటూ పోతే చర్మం ఒక పక్కకు లాగి చినుగుతుంది. తోలు చర్మమైతే వాయించడం అయ్యాక అన్నీ సమానంగా వదులు చేసి ఉంచండి.

ఇక ఆ కాఫీ కబురు.

మీరన్నది అబద్ధం కాదు. సోన్, గ్వారాచా, మాంబో, చాచాచా, ఈ నృత్య సంగీత రీతుల పునాది క్యూబాది. క్యూబాపై అమెరికా ఆంక్షలు 1962లో బిగిసిపోయాక అక్కడి రికార్డులు, అక్కడి సంగీతకారులు న్యూయార్క్‌కు రావడం ఆగిపోయింది. 1964లో జానీ పచేకో, జెరీ మసూచీ మొదలుపెట్టిన ఫానియా రికార్డు కంపెనీ ఆ ఖాళీలో పెరిగింది. పాత క్యూబా పాటలను మళ్లీ రికార్డు చేసి, రచయిత పేరు ఉండాల్సిన చోట ‘హక్కులు ప్రత్యేకించబడినవి’ అనే అర్థంలో రెండు స్పానిష్ అక్షరాలు మాత్రం వేసిన రికార్డులూ ఉన్నాయి. మీరు చదివింది బహుశా ఈ భాగం.

మీరు చదవని భాగం ఇంకా పెద్దది. క్యూబా గాయకుడు మచీటో 1940లో న్యూయార్క్‌లో బృందం కట్టినప్పుడు, మారియో బౌసా దానికి జాజ్ ట్రంపెట్లు, శాక్సఫోన్లు జోడించినప్పుడు జరిగింది హవానాలో కాదు. బ్రాడ్‌వేలో 53వ వీధి దగ్గరి పలేడియం బాల్‌రూమ్‌లో మాంబోకి రంగు రంగుల మనుషులంతా కలిసి ఆడిన రోజులవి, చాలా హోటళ్లలో నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ ఒక బల్ల ఉండని కాలంలో. అక్కడి రాజుల్లో ఒకడైన టీటో పువెంతే పుట్టింది న్యూయార్క్‌లో, తల్లిదండ్రులు ప్యూర్టోరికో వాళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళంలో పనిచేసి, ఆ సైనికుల చదువు సాయంతోనే జూలియర్డ్ సంగీత కళాశాలలో చేరాడు. తింబాలెస్‌ను వెనక వరుస నుంచి వేదిక ముందుకు తెచ్చింది ఆయనే. మీ పెద్దాయన చేతిలో ఉన్న కర్రలకు ఆ పరంపర ఉంది. తర్వాతి తరంలో బ్రాంక్స్‌లో పుట్టిన విల్లీ కొలోన్ గరగరలాడే ట్రాంబోన్లు తెచ్చాడు, ప్యూర్టోరికో నుంచి బోంబా, ప్లేనా అనే జానపద రీతులు వచ్చి కలిశాయి, పనామా నుంచి రూబెన్ బ్లేడ్స్ వచ్చి వీధి మనుషుల కథలు రాశాడు. పచేకో డొమినికన్, పియానో వాయించిన లారీ హార్లో బ్రూక్లిన్ యూదుడు. కొలోన్, బ్లేడ్స్ కలిసి చేసిన 1978 నాటి ఆల్బమ్ ‘సియెంబ్రా’ హవానాలో అలాగే పుట్టేదని పియానో ఆయన కూడా అనడు, కాసేపు ప్రశాంతంగా ఆలోచిస్తే.

మరో సంగతి. అమెరికా పాపులర్ సంగీతం ఈ లయలను తీసుకున్న తీరు వేరు. 1914 నాటి ‘సెయింట్ లూయిస్ బ్లూస్’ పాటలో హబనేరా అనే క్యూబా లయ నడక ఉంది. జాజ్‌కు స్పానిష్ ఛాయ ఉండాల్సిందేనని జాజ్ పియానిస్టు జెల్లీ రోల్ మార్టన్ 1938లో చెప్పిన మాట రికార్డయి ఉంది. 1930లో న్యూయార్క్‌లో రికార్డయిన ఎల్ మనిసెరో, అదే వేరుసెనక్కాయలమ్మేవాడి పాట, దేశాన్ని ఊపేసింది. 1947లో జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు డిజ్జీ గిలెస్పీ పక్కన క్యూబా వాద్యకారుడు చానో పోసో కాంగా పట్టుకుని కార్నెగీ హాల్ ఎక్కాడు. 1951 నుంచి టీవీలో క్యూబా బ్యాండ్ నాయకుడి పాత్రలో డెసీ అర్నాజ్ ఇంటింటి మనిషయ్యాడు. ఇవన్నీ పేరుతో వచ్చినవి. పేరు లేకుండా పోయినవి ఇంకా ఎక్కువ. 1955 నాటి రాక్ గాయకుడు బో డిడ్లీ బీట్ మీ 3–2 క్లావేయే, వాయించి చూసుకోండి. రాక్ బ్యాండు పెట్టిన ప్రతి కుర్రాడూ వాయించిన ‘లూయీ లూయీ’కి ఆధారం రెనే తూసే వాయించిన చాచాచా. పువెంతే 1960ల మొదట్లో చేసిన ‘ఓయె కోమో వా’ 1970లో సాంతానా చేతుల్లో పడి రాక్ పాటగా లోకమంతా తిరిగింది. 1967 నాటి బూగలూ (లాటిన్, సోల్ కలిసిన రీతి) పాట ఒకటి 2018లో కార్డీ బీ పాటలో సాంపిల్‌గా తేలి నంబర్ వన్ అయింది. ఆ బూగలూ పాట చేసిన పీట్ రోద్రిగెస్ పేరు ఎంతమందికి తెలుసు?

న్యూయార్క్ ప్యూర్టోరికన్ల వయసు మళ్లిన తరానికి ఇదీ గుండెలో ఉన్న నొప్పి: లయ మాది, పేరు ఇంకొకరిది. అలాంటి మనిషితో, ఆయన దగ్గరే చెయ్యి నేర్చుకున్న కొత్త మనిషి, అదీ క్యూబా ఆయన ఎదుట, ‘మీది ఉత్త లేబులు’ అన్నట్టు మాట్లాడితే, దోపిడీకి గురైనవాడిని దొంగల వరుసలో నిలబెట్టినట్టయింది. ఇది ఉన్నమాటకు ఉలుకు కాదు. మీ కాంగా మీద జరిగిందే ఇక్కడా జరిగింది. లెక్క సరే, పడిన చోటు అడ్డం. పైగా క్యూబన్లకూ ప్యూర్టోరికన్లకూ మధ్య ఈ వాదం మీరు పుట్టకముందు నుంచీ ఉంది. పియానో ఆయన చప్పట్లు మీకోసం కొట్టినవి కావు.

ఇక ఏం చేయవచ్చు. మానేయడం ఒక దారి. మీ భర్త మాటలో మీ మీద ప్రేమ ఉంది, దాన్ని తీసిపారేయను. మానేస్తే వారానికి ఒక సాయంత్రం మిగులుతుంది, మాట పడే బాధ పోతుంది. కానీ క్లావే ఇంట్లో ఒంటరిగా సగమే వస్తుంది, ఎదురుగా కాస్కరా వాయించే మనిషి లేకుండా మిగతా సగం రాదు. పైగా ఆ కాఫీ మాట అనేసి వెళ్లిపోయిన మనిషిగానే మిగిలిపోతారు. నాయకుడు పాట ఆపడాన్ని అవమానంగా లెక్కేయకండి. మీ గురువుగారు ఎన్నిసార్లు ఆపి ఉంటారో! పనికిరాదనుకున్నవాళ్లను ఇక్కడ ఆపరు, వేరేవాళ్లను పిలుచుకుంటారు.

ఏమీ అనకుండా కొనసాగడం మరో దారి. కొన్నాళ్లకు ఆయనే మామూలవుతాడని ఆశ. అవ్వచ్చు కూడా. అప్పటివరకు మాత్రం రిథమ్ సెక్షన్ ముగ్గురిలో ఇద్దరు ఒకరినొకరు చూడకుండా వాయించాలి, క్రుసాదో ఆగదు.

ఇంకో దారి, నాకు కాస్త మేలనిపించేది, ఒక మెట్టు దిగి కొనసాగడం. రెండు నెలలపాటు ఒకే డ్రమ్ము, మార్చా తప్ప ఇంకేమీ వాయించనని మీ అంతట మీరే నాయకుడికి చెప్పండి. దీనికి ఆయన ఒప్పుకుంటాడు. బృందానికి కావలసింది ముందు అదే. నష్టం లేకపోలేదు. తొమ్మిదేళ్ల విద్య ఉన్న చేతికి ఇది ఉపవాసంలా ఉంటుంది. గాయకుడూ కోరో ఒకరికొకరు బదులిచ్చుకునే మొంతూనో విభాగంలో అందరూ రెచ్చిపోతుంటే మీరొక్కరే అదే ఎనిమిది అక్షరాలు తిప్పుతూ కూర్చోవాలి.

పెద్దాయనతో మాట్లాడే విషయానికొస్తే, చదివినదాన్ని అబద్ధమనక్కర్లేదు. అలా అంటే ఆయనా నమ్మడు, రేపు పియానో ఆయన దగ్గర మీరు మాట మార్చినవారవుతారు. నలుగురిలో చెప్పకండి. తింబాలెస్ బిగించుకోవడానికి ఆయన అందరికన్నా ముందే వస్తాడు కదా, అప్పుడు వెళ్లండి. ‘ఆ రోజు సగం చదివి మొత్తం తెలిసినట్టు మాట్లాడాను, మీ ఎదుట అలా అనకూడదు’ అని అంతవరకే. ‘కానీ’ తో మొదలయ్యే వాక్యం దాని వెనక రానివ్వకండి. పేరు పెట్టి పిలిచే చనువు ఇప్పుడు వద్దు, మాయెస్త్రో (గురువుగారు) అనండి, స్పానిష్ వస్తే ‘తు’ (నువ్వు) బదులు ‘ఉస్తెద్’ (మీరు) వాడండి. తర్వాత ఒక పని అడగండి, ఫలానా పాట రికార్డింగు తెచ్చాను, విభాగం మారేచోట క్లావే ఏ వైపున ఉందో చెబుతారా అని. ఆయన మెత్తబడితే మంచిదే. మొహం తిప్పుకుంటే మళ్లీ మళ్లీ బతిమాలకండి. చెప్పాల్సింది చెప్పారు, ఇక మీ మార్చా ఆయన కాస్కరాతో కుదిరినప్పుడు చూద్దాం.

మీ అమ్మాయి సంగతి ఒక్క మాట. బ్యాడ్ బనీ 2025 జనవరి ఆల్బమ్‌లో నిజమైన వాద్యాలు వాయించి చేసిన సల్సా పాట ఉంది, ప్లేనా పాటా ఉంది. తనకిష్టమైన పాటలో కాంగా ఎక్కడ వినిపిస్తోందో మీకు చూపించమనండి. వాదించడం కన్నా అది నయం.

చివరికి ఉగాది. సంఘం వాళ్లు చెప్పిన పద్ధతిలో మాత్రం ఒప్పుకోకండి. పదిమంది బృందాన్ని పదిహేను నిమిషాలకు పిలవడమంటే, మైకులు పెట్టి శబ్దం సరిచూడటానికే ముప్పావు గంట పడుతుంది. అంతకు ముందు కూచిపూడి, తర్వాత సన్మానం ఉండే మన కార్యక్రమాల్లో ఆ ముప్పావు గంట ఎవరిస్తారు? సరిచూడకుండా ఎక్కితే ట్రంపెట్లు తప్ప ఏమీ వినపడవు. హిట్ పాట మీద జతులంటే, క్లావే తెలియని నలుగురు సమం మీద దిగుతుంటే, మీ బృందంవాళ్లు వేదిక మీదే మొహాలు చూసుకుంటారు. మీ వాళ్లు నలుగురితో చేసుకుంటే అది మరో రకం. కీబోర్డు, మృదంగం, కాంగా, గాత్రం. తప్పేమీ లేదు, తేలిక కూడా. కాకపోతే దానికి సల్సా అని పేరు పెట్టకండి. కరపత్రం మీ బృందంలో ఎవరి ఫోన్‌కో తప్పకుండా చేరుతుంది.

నిజంగా కలిపి చేయాలనుంటే ఈ ఏడు వద్దనండి, దీపావళికో వచ్చే ఉగాదికో అడగండి. అప్పుడు బృందాన్ని అతిథులుగా పిలవాలి, వాళ్ల పాటలు రెండు వాళ్ల పద్ధతిలో, మూడోదానిలో మొంతూనో మీద మీ మృదంగంతో నాలుగేసి ఆవృత్తాల ప్రశ్న–జవాబు. ఆ సేపంతా ఒకరు క్లావే కర్రలు వదలకూడదు. పాట శ్రుతి ముందే తేల్చుకోండి. రెండు కట్టెల శ్రుతి, అంటే కీబోర్డు మీద డి, మృదంగాన్ని అర స్వరం అటో ఇటో జరపగలరు గానీ, ఎఫ్‌లో ఉన్న పాటకు లాక్కురాలేరు. పాటనే మీ శ్రుతిలో ఉన్నది ఎంచుకోవడం తేలిక. మృదంగానికి రెండు వైపులా రెండు మైకులు, ఆ భాగంలో ట్రంపెట్లు ఆగాలి. ఈ ప్రతిపాదన మీ నాయకుడి దగ్గరికి సంఘం నుంచి కాకుండా మీ నుంచి వెళ్లాలి, అదీ పెద్దాయనతో మాట కలిశాకే.

సంఘానికి ఉత్తరం రాసేటప్పుడు పారితోషికం అంకె మొదటి పేరాలోనే పెట్టండి. బయటి నుంచి వచ్చే గాయకులకు ఇచ్చి, వీళ్లకు ‘భోజనం పెడతాం కదా’ అనే అలవాటు మన సంఘాల్లో ఉంది. పదిమందికి పార్కింగు, సరిచూసుకునే సమయం, సగం అడ్వాన్సు, ఇవి రాతలో ఉండాలి. వాళ్లు కాదంటే మీ నాయకుడి దాకా విషయం తీసుకెళ్లనే వద్దు.